సైకిల్ రేసు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు నిలబడే చోటు తేల్చుకోండి

నేను మొదటిసారి ఒక పెద్ద సైకిల్ రేసును కళ్లారా చూసింది గట్టిగా 20 సెకన్లు. పొద్దున తొమ్మిదింటికే వెళ్లి ఒక పల్లె బయట చదునైన రోడ్డు పక్కన చోటు పట్టుకున్నాను. ఎండ, దుమ్ము, వెనక పొద్దుతిరుగుడు చేను. మధ్యాహ్నం మూడున్నరకి ఎక్కడో హెలికాప్టర్ చప్పుడు. ముందు పోలీసు మోటార్‌సైకిళ్లు, తర్వాత ఒక ఎర్ర కారు, ఆ వెంటనే ఎవరో పెద్ద విసనకర్రతో విసిరినట్టు గాలి మొహానికి కొట్టింది. రంగులు, గొలుసుల గరగర, గుంపులోంచి ఎవరో ఎవరినో కేకేసిన మాట. ఫోన్ పైకెత్తేసరికి వీపులు కనిపిస్తున్నాయి. నేను ఎవరి కోసం అంత దూరం వెళ్లానో అతను ఆ గుంపులో ఉన్నాడో లేడో నాకు ఇప్పటికీ తెలియదు.

తప్పు రేసుది కాదు. పేరు చూసి రేసును ఎంచుకున్నాను, ఎక్కడ నిలబడాలో ఆలోచించలేదు.

స్టేడియంలో ఆట మన ముందే మొదలై మన ముందే ముగుస్తుంది. రోడ్డు రేసు అలా కాదు. అది దాదాపు 200 కిలోమీటర్ల పొడవున సాగిపోతూ ఉంటుంది, మన వంతుకు వచ్చేది అందులో కొన్ని గజాలు. ఎవరు ఎటాక్ చేసి గుంపును వదిలి ముందుకు దూకారు, ఎవరు వెనకబడ్డారు, తేడా ఎన్ని సెకన్లు అన్నవి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికే బాగా తెలుస్తాయి. మరి వెళ్లడం ఎందుకంటే, ఆ వేగం ఎంతో ఒంటికి తెలియాలంటే రోడ్డు పక్కనే నిలబడాలి. కొండ మీద ప్రపంచ ఛాంపియన్ చేయి చాస్తే అందేంత దగ్గరగా, నోరు తెరుచుకుని, గడ్డం మీద ఉప్పు పేరుకుని వెళ్తుంటాడు. అది చూడ్డానికి చాలాచోట్ల టికెట్ కూడా అక్కర్లేదు.

అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను మూడు సంగతులు తేల్చుకోమంటాను. రైడర్లు మీ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్తారు, ఎంత నెమ్మదిగా వెళ్తారు, వాళ్లు వచ్చేలోపు ఆ ఐదారు గంటలు మీకెలా గడుస్తాయి. రేసు పేరు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

మూడు వారాల రేసులు

ఫ్రాన్స్‌లో టూర్ డి ఫ్రాన్స్, ఇటలీలో జిరో డి ఇటాలియా, స్పెయిన్‌లో వువెల్టా ఎ ఎస్పాన్యా. మూడింటిలోనూ 21 స్టేజ్‌లు, అంటే రోజుకొకటి చొప్పున 21 రేసులు ఉంటాయి. జిరో మేలో, టూర్ జులైలో, వువెల్టా ఆగస్టు చివర మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. మూడూ కొండలెక్కుతాయి, మూడింటినీ రోడ్డు పక్కన ఉచితంగా చూడొచ్చు. అయినా రోడ్డు పక్కన గడిపే రోజు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది.

టూర్ అంటే తిరనాళ్లే. రైడర్ల కంటే సుమారు రెండు గంటల ముందు ప్రచార కారవాన్ వస్తుంది. 1930లో మొదలైన ఆనవాయితీ ఇది. నూటయాభై దాకా వాహనాలు, ఒకదాని మీద పెద్ద కోడి బొమ్మ, ఇంకోదాని మీద పెద్ద టైరు, పాటలు, డాన్సులు, జనం మీదికి టోపీలు, కీచైన్లు, చిరుతిళ్లు విసురుకుంటూ పోతాయి. మొత్తం దాటడానికి అరగంటకు పైనే పడుతుంది. ఒకసారి నా పక్కన ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, సూటు వేసుకుని ఎంతో మర్యాదగా నిలబడ్డాడు. కారవాన్ రాగానే ఒక కీచైన్ కోసం ఎనిమిదేళ్ల పిల్లాడితో పోటీపడి కాలితో తొక్కిపట్టాడు. పిల్లలతో వెళ్లేవాళ్లకు మూడింటిలో టూరే మేలు, ఎదురుచూపు విసుగనిపించదు. అయితే జనం విపరీతం. కొండ స్టేజ్‌లకు క్యాంపర్ వ్యాన్లవాళ్లు రెండు మూడు రోజుల ముందే వచ్చి మంచి చోట్లన్నీ పట్టేస్తారు. దగ్గరి ఊళ్లలో గదులు రూటు ప్రకటించిన కొద్దిరోజుల్లోనే అయిపోతాయి.

జిరోలో రేసు ఎక్కువ, తిరనాళ్లు తక్కువ. రేసు వచ్చే ఊరు ఊరంతా గులాబీ రంగు పులుముకుంటుంది. కిటికీలకు గులాబీ రిబ్బన్లు, దుకాణాల అద్దాల వెనక గులాబీ సైకిళ్లు. రేసును మొదలుపెట్టిన పత్రికను గులాబీ కాగితం మీద అచ్చేసేవారు, మొత్తం సమయంలో అందరికంటే ముందున్న రైడర్ వేసుకునే జెర్సీకి ఆ రంగు అక్కడి నుంచే వచ్చింది. జిరోతో చిక్కు వాతావరణమే. మేలో ఆల్ప్స్, డోలమైట్స్ కనుమల మీద మంచు ఇంకా కరగకపోవచ్చు. 2013లో 19వ స్టేజ్‌ను మంచు కారణంగా పూర్తిగా రద్దు చేశారు. మర్నాడు ట్రె చిమే శిఖరాల కింద మంచు కురుస్తుండగానే ఇటలీ రైడర్ నిబాలీ గెలిచాడు. ఆ రెండు రోజుల్లో దేనికి వెళ్లినవాళ్ల అదృష్టం ఎలాంటిదో చూడండి. ఎత్తయిన కనుమ ఒక్కటే నమ్ముకుని జిరోకు వెళ్లకండి. లోయలో ఇంకో స్టేజ్ కూడా చూసేలా రోజులు వేసుకోండి.

వువెల్టాలో జనం తక్కువ, గదులు కాస్త తేలిగ్గా దొరుకుతాయి, కొండలు మాత్రం నిలువు గోడలు. ఆంగ్లిరు 12.5 కిలోమీటర్ల ఎక్కుడు, దాని అత్యంత నిటారు ముక్కలో వాలు 23.5 శాతం. అలాంటి చోట రైడర్లు నడిచేవాడి కంటే కొంచెమే వేగంగా వెళ్తారు. ముఖాలు చూడాలంటే ఇంతకంటే మంచి చోటు ఉండదు. దక్షిణాది స్టేజ్‌లలో ఎండ మాత్రం చంపేస్తుంది. నీడ లేని రోడ్డు పక్కన నాలుగు గంటలు నిలబడగలరో లేదో ముందే ఆలోచించుకోండి. ఉత్తరాన అస్తూరియాస్ కొండల్లో అయితే మబ్బు, తుంపర మామూలే.

మొదటిసారి వెళ్లేవారికి టూర్ చెప్పడం సులువు. నేనైతే ఇలా అంటాను: పిల్లలుంటే టూర్, గుంపులు పడనివాళ్లకు వువెల్టా, సైకిల్ తొక్కే అలవాటుండి, వర్షానికి జంకనివాళ్లకు జిరో.

ఆడవాళ్ల టూర్ డి ఫ్రాన్స్‌ను మాత్రం చాలామంది లెక్కలోకి తీసుకోరు. 2022లో మళ్లీ మొదలైంది. జనం కాస్త పలచగా ఉంటారు, టీమ్ బస్సుల దగ్గరికి తేలిగ్గా వెళ్లొచ్చు. 2024లో ఆల్ప్ ద్యుయెజ్ మీద ఆఖరి స్టేజ్ అయ్యాక, కసియా నీవియాడోమా రేసు మొత్తాన్ని కేవలం 4 సెకన్ల తేడాతో గెలిచింది. అంత నరాలు తెగే ముగింపు మగవాళ్ల రేసుల్లో కూడా అరుదే.

చదునా, కొండా, టైమ్ ట్రయలా

ఏ రేసు అన్నది తేలాక అసలు ఎంపిక ఇక్కడుంది. ఒకే రేసులో వేర్వేరు స్టేజ్‌లు వేర్వేరు ఆటల్లా ఉంటాయి.

చదును స్టేజ్ మధ్యలో నిలబడితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో, గాలికి ఒకరి వెనక ఒకరు దాక్కుని, 170 మంది ఒకే ముద్దగా దూసుకుపోతారు. చదును స్టేజే చూడాలంటే మొదలయ్యే చోటుకు వెళ్లండి. టీమ్ బస్సులన్నీ అక్కడ వరసగా ఆగి ఉంటాయి. మెకానిక్కులు టైర్లలో గాలి చూస్తుంటారు, రైడర్లు ఒక్కొక్కరుగా బయటికొచ్చి వేదిక మీద సంతకం పెట్టి వెళ్తారు. ఆటోగ్రాఫ్, ఫోటో, రెండు మాటలు, ఏం కావాలన్నా అప్పుడే. పొద్దున వాళ్లకు తొందర తక్కువ. ముగింపు దగ్గర అయితే ఆఖరి గీత కోసం పొట్లాడకండి. అక్కడ బారికేడ్ల ముందు వరస పొద్దున్నే నిండిపోతుంది, వెనకవాళ్లకు కనబడేవి హెల్మెట్లే. నాలుగైదు వందల మీటర్ల ముందు, పెద్ద తెర కనిపించే చోట నిలబడితే రేసు తెర మీద చూస్తూ, గెలుపు కోసం ఆఖర్న దూసుకెళ్లే స్ప్రింట్ మొదలయ్యే క్షణాన్ని ఎదురుగా చూడొచ్చు.

టైమ్ ట్రయల్ మీద చాలామందికి చిన్నచూపు. నా లెక్కలో కొత్తవాళ్లకు అదే అన్నిటికంటే లాభం. రైడర్లు ఒక్కొక్కరుగా, సాధారణంగా నిమిషానికొకరు, పైస్థానాల్లో ఉన్నవాళ్లు రెండు నిమిషాలకొకరు బయల్దేరతారు. అంటే మూడు నాలుగు గంటల పాటు రోడ్డు మీద ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు. ప్రతి ఒక్కరినీ విడిగా చూస్తారు, పేరు పెట్టి పిలవొచ్చు. దాహమైతే వెళ్లి నీళ్లు తాగి రావచ్చు, పోయేదేమీ లేదు. బస్సుల దగ్గర వాళ్లు రోలర్ల మీద ఉన్నచోటే సైకిల్ తొక్కి చెమటలు కక్కుతూ ఒళ్లు వేడి చేసుకోవడం చూడ్డం ఒక్కటే ఆ రోజుకు సరిపోతుంది. చివర్లో వెళ్లేవాళ్లే మొదటి స్థానాల్లో ఉన్నవాళ్లు కాబట్టి పొద్దుటి నుంచి నిలబడి అలిసిపోకండి.

ఇక కొండ. అందరూ కలలు కనేది దీని గురించే, ఆ కల అబద్ధమేమీ కాదు. ఎక్కుడు మీద వేగం సగానికి పైగా పడిపోతుంది, గుంపు ముక్కలవుతుంది. ముందున్నవాడికీ, కొండలు కష్టమనిపించే స్ప్రింటర్లు కలిసి గడువు లోపల చేరాలని లాక్కొచ్చే ఆఖరి గుంపుకూ మధ్య అరగంట తేడా ఉండొచ్చు. ఆ అరగంటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మొదటివాళ్లు వెళ్లగానే సగం మంది సర్దుకుని దిగిపోతారు. పొరపాటు. నా మటుకు ఆఖరి గుంపే ఎక్కువ నచ్చుతుంది. వాళ్లకు గెలుపు బెంగ లేదు. ఒకడు నవ్వుతాడు, ఇంకొకడు చేతిలో సీసా పిల్లాడికి అందిస్తాడు. ఒకసారి ఒక భారీ మనిషి, స్ప్రింటరే అయ్యుండాలి, మా ఎదురుగా వచ్చేసరికి రోడ్డు వంక చూసి పెద్దగా ఒక నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు టీవీలో వినబడదు.

కొండకు చెల్లించాల్సిన మూల్యం వేరే ఉంది. ప్రసిద్ధమైన కొండల మీదికి కార్లను చాలాసార్లు ముందురోజు సాయంత్రం నుంచో, రేసు రోజు తెల్లవారుజాము నుంచో ఆపేస్తారు. ఆ తర్వాత నడకో, సైకిలో. దిగేటప్పుడు పైనున్న వేలమంది ఒకే రోడ్డు మీద దిగాలి. కారు పైన పెట్టుకున్నవాళ్లు చీకటిపడ్డాక గానీ లోయ చేరరు. ఆల్ప్ ద్యుయెజ్ 13.8 కిలోమీటర్లు, 21 హెయిర్‌పిన్ మలుపులు, కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. ఏడో మలుపును డచ్ మూల అంటారు, నెదర్లాండ్స్ అభిమానుల అడ్డా. అక్కడంతా నారింజ రంగు బట్టలు, చెవులు పగిలే సంగీతం, మూడు రోజుల నుంచీ నిద్రలేని ముఖాలు. కుర్రాళ్లకు సరదా. పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు ఏడో మలుపుకు దూరంగా ఉండాలి. దూరపు కొండలు నునుపు అన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

కొండ మీద వాతావరణం జులైలోనూ మాట వినదు. 2016 టూర్‌లో వాంతు కొండ మీద గాలి ఎక్కువై ముగింపును శిఖరం నుంచి 6 కిలోమీటర్లు కిందికి దింపారు. పైన ఉండాల్సిన జనం కిందికి రావడంతో రోడ్డు ఇరుకై మోటార్‌సైకిల్ ఆగిపోయింది, వెనక రైడర్లు దాన్ని గుద్దుకున్నారు, మొత్తం మీద ముందున్నవాడి పసుపు జెర్సీలో ఉన్న క్రిస్ ఫ్రూమ్ సైకిల్ వదిలేసి కొండ మీద పరుగెత్తాడు. 2019 టూర్‌లో 19వ స్టేజ్‌ను వడగళ్లు, మట్టిచరియల వల్ల మధ్యలోనే ఆపేశారు. ఆఖరి కొండ మీద కాచుకున్నవాళ్లకు ఆ రోజు ఒక్క సైకిలూ కనబడలేదు.

అందుకని నేను చెప్పేది, స్టేజ్ ముగిసే ఆఖరి కొండ కాకుండా దానికి ముందు వచ్చే కొండను చూసుకోండి. పేరు చిన్నది, జనం తక్కువ, రోడ్డు ఆలస్యంగా మూస్తారు, తొందరగా తెరుస్తారు. రైడర్లు అప్పటికే నెమ్మదించి ఉంటారు. శిఖరానికి రెండు మూడు కిలోమీటర్ల కింద, వాలు ఎక్కువున్న మలుపు లోపలి వైపు నిలబడితే కింద రెండు మలుపుల నుంచే వాళ్లు వస్తూ కనిపిస్తారు. ముగింపు ఎవరు గెలిచారో ఫోన్‌లో చూసుకుంటారు, అంతేగా. సిగ్నల్ దొరికితే. జనం ఎక్కువున్న కొండ మీద నెట్‌వర్క్ చచ్చిపోతుంది, పక్క క్యాంపర్ వ్యాన్‌వాళ్ల చిన్న టీవీయే గతి. సిగ్గుపడకండి, వాళ్లే పిలిచి కూర్చోబెడతారు.

టూర్ విషయంలో ఇంకో దారి ఉంది. 1975 నుంచి ఆఖరి స్టేజ్ పారిస్‌లో షాంజెలిజే మీద ముగుస్తోంది, 2024లో ఒలింపిక్స్ వల్ల మాత్రం నీస్‌కు మారింది. అక్కడ లాప్‌లు వేస్తారు, అంటే ఒకే చుట్టు మళ్లీ మళ్లీ తిరుగుతారు కాబట్టి ఒకేచోట నిలబడి చాలాసార్లు చూడొచ్చు. 2025లో మోన్‌మార్త్ర గుట్టను కూడా కలిపారు. అంతకుముందు ఊరేగింపులా ఉండే ఆ రోజు నిజమైన రేసైంది, వౌట్ వాన్ ఆర్ట్ ఆ గుట్ట మీదే అందరినీ వదిలించుకుని గెలిచాడు. కొండలెక్కే ఓపిక లేనివాళ్లకు, మెట్రో దిగి రేసు చూసి మెట్రో ఎక్కి పోవాలనుకునేవాళ్లకు ఇదే సరైనది.

ఒక్కరోజు రేసులు

సెలవులు తక్కువున్నవాళ్లు నేరుగా ఇక్కడికే రండి. ఒకే వారాంతంలో మొదలూ, ముగింపూ, విజేతా అన్నీ చూసి వెళ్లొచ్చు.

బెల్జియంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, ఫ్రాన్స్‌లో పారిస్–రూబే. సాధారణంగా ఏప్రిల్‌లో వరస ఆదివారాల్లో వస్తాయి. రెండింటిలోనూ రాళ్లు పరిచిన రోడ్లే, అయినా ప్రేక్షకుడికి రెండూ ఒకటి కాదు.

ఫ్లాండర్స్‌లో రేసు ఒకే ప్రాంతంలో చుట్టలు చుట్టుకుంటుంది. ఔడె క్వారెమాంట్ అనే గుట్టను ఈమధ్య ఏళ్లలో మగవాళ్లు మూడుసార్లు ఎక్కుతున్నారు, పాటర్‌బెర్గ్‌ను రెండుసార్లు. రెండింటికీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే. మొదటిసారి క్వారెమాంట్ మీదుగా వెళ్లాక మళ్లీ రావడానికి రెండు గంటల దాకా పడుతుంది, రెండోసారికీ మూడోసారికీ మధ్య గంట కూడా ఉండదు. కాబట్టి రెండోసారి క్వారెమాంట్ మీద చూసి, పొలాల గట్టున నడిచి, ఆఖరిసారి పాటర్‌బెర్గ్ మీద చూడొచ్చు. పాటర్‌బెర్గ్ పొడవు 360 మీటర్లే గానీ వాలు 20 శాతానికి చేరుతుంది. ఆఖరిసారి అది ఎక్కేసరికి ముగింపుకు 13 కిలోమీటర్లే మిగులుతుంది, ఎవరు గెలుస్తారో సగం అక్కడే తేలిపోతుంది. ఆడవాళ్ల రేసు కూడా అదే రోజు అదే గుట్టల మీద. ముగింపు జరిగే ఔడెనార్దెకు గెంట్ నుంచి అరగంట లోపు రైలు. ముందురోజు శనివారం అవే గుట్టల మీద మామూలు జనం వేల సంఖ్యలో తొక్కే రైడ్ ఉంటుంది. పేరు నమోదు చేసుకుంటే మీరూ ఎక్కొచ్చు. ఎక్కాక ఆదివారం రైడర్లను చూసే చూపే మారిపోతుంది.

పారిస్–రూబే అలా చుట్టలు చుట్టదు. పేరులో పారిస్ ఉన్నా మొదలయ్యేది అక్కడికి ఉత్తరాన కొంపియేన్ నుంచి. అక్కడి నుంచి సుమారు 260 కిలోమీటర్లు ఉత్తరానికి సాగే గీత. అందులో 50 కిలోమీటర్లకు పైగా రాళ్లబాటలే. ఒకచోట నిలబడితే ఒక్కసారే చూస్తారు. ఆరెన్‌బెర్గ్ అడవిలో తిన్నగా సాగే రాళ్లబాట పక్కన నిలబడితే రైడర్లు రాకముందే రాళ్ల మీద చక్రాల దడదడ నేలలోంచి కాళ్లకు తెలుస్తుంది. ఎండగా ఉంటే దుమ్ము, వానైతే బురద, దాటాక ఎవరు ఎవరో ముఖం చూసి చెప్పలేం. కారున్నవాళ్లు సందుల్లోంచి తిప్పుకుని రెండు మూడు చోట్ల పట్టుకుంటారు. అది సొంతంగా ఇంకో రేసు, దారి తప్పితే రోజు పోతుంది. కారు లేకపోతే లీల్‌లో దిగండి, మెట్రోలో రూబే చేరండి, రేసు ముగిసే వెలోడ్రోమ్, అంటే సైకిల్ ట్రాక్ స్టేడియం, గట్టు మీద కూర్చోండి. రేసంతా పెద్ద తెర మీద నడుస్తుంది, చివర్లో తెరలో ఉన్న మనిషి గేటులోంచి లోపలికొచ్చి మీ కళ్ల ముందు ఒకటిన్నర చుట్టు తిరిగి ముగిస్తాడు. గెలిచినవాడికి ఇచ్చేది ఒక రాయి. ఆ మనిషి దాన్ని ఎత్తలేక ఎత్తుతుంటే చుట్టూ జనం అరుపులు.

రెండింటిలో ఒకటే కుదిరితే ఫ్లాండర్స్ వెళ్లండి. రైడర్లను చూసే లెక్కలో అది గెలుస్తుంది. తొమ్మిది రోజులు కేటాయించగలిగితే రెండూ చూడొచ్చు, మధ్యలో బుధవారం ఆంట్వెర్ప్ దగ్గర ముగిసే స్కెల్డెప్రైస్ స్ప్రింట్ రేసు కూడా కలిసొస్తుంది.

మార్చిలో సియెనాలో ముగిసే స్ట్రాదె బియాంకె చూడముచ్చటైన రేసు. తెల్ల మట్టి రోడ్లు, ఆఖర్న సాంతా కాతెరీనా వీధి ఎక్కుడు, ఆ తర్వాత వెంటనే పియాత్సా దెల్ కాంపోలో ముగింపు. ఆ ఎక్కుడు వీధిలో గోడకు ఆనుకుని నిలబడాలి. వీధి ఇరుకు కాబట్టి పెందలాడే వెళ్లాలి. మిలాన్–సాన్‌రేమో కోసం మాత్రం ప్రత్యేకంగా అంత దూరం వెళ్లమని చెప్పను. దాదాపు 300 కిలోమీటర్ల రేసులో అసలు రసం ఆఖరి పావుగంటలో ఉంటుంది, పోజియో గుట్ట మీద నిలబడితే ముగింపు కనబడదు, ముగింపు దగ్గర నిలబడితే పోజియో కనబడదు. సముద్రం చూడ్డానికి ఎలాగూ వెళ్తుంటే సరే.

ఒకేచోట ఎక్కువసార్లు చూడాలంటే

లాప్‌ల రేసుల సంగతి చాలామందికి తట్టదు. కెనడాలో క్యుబెక్, మాంట్రియల్ రేసులు సెప్టెంబరులో ఒకటి శుక్రవారం, ఒకటి ఆదివారం. రెండూ 12 కిలోమీటర్ల పైచిలుకు చుట్టు, పదిహేనుకు పైగా లాప్‌లు. అంటే ఒకే ఎక్కుడు పక్కన నిలబడి అంతమందిని అన్నిసార్లు చూస్తారు. గుంపు లాప్ లాప్‌కీ ఎలా చిక్కిపోతోందో కళ్లకు కడుతుంది. మూడో లాప్‌లో కబుర్లాడుకుంటూ వెళ్లినవాడు పదమూడో లాప్‌లో ఒంటరిగా, తల వేలాడేసుకుని వస్తాడు. రేసు ఎలా నడుస్తుందో అర్థం చేసుకోవాలనుకునే కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి బడి లేదు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు కూడా ఎక్కువగా చుట్టు మీదే జరుగుతాయి, సాధారణంగా సెప్టెంబరు చివర. రైడర్లు టీమ్ జెర్సీలు వదిలి దేశం జెర్సీలు వేసుకుంటారు. వారమంతా జూనియర్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, టైమ్ ట్రయల్స్, రోజుకొక రేసు. ఏటా ఊరు మారుతుంది. 2023లో గ్లాస్గో, 2024లో జూరిక్, 2025లో కిగాలి, ఆఫ్రికాలో జరగడం అదే మొదటిసారి. ఊరిని బట్టే మీ ప్రయాణం తేలికో కష్టమో తేలుతుంది కాబట్టి ఇక్కడ మాత్రం ముందు ఊరు చూడండి, తర్వాత రేసు.

చలికాలంలో సైక్లోక్రాస్ ఉంది. గంట రేసు, బురదలో చిన్న చుట్టు, ప్రతి కొన్ని నిమిషాలకూ రైడర్లు మళ్లీ ఎదురుగా. దీనికి మామూలుగా ప్రవేశ టికెట్ ఉంటుంది. బెల్జియంలో క్రిస్మస్ రోజుల్లో దాదాపు ప్రతిరోజూ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

మరో రకం సుఖం కావాలంటే జనవరిలో ఆస్ట్రేలియాలో జరిగే టూర్ డౌన్ అండర్. రేసంతా ఆడిలైడ్ చుట్టుపక్కలే తిరుగుతుంది, కాబట్టి ఒకే గదిలో ఉండి వారమంతా చూడొచ్చు. పెట్టె సర్దుకుని ఊరూరా తిరిగే పని లేదు. విల్లుంగా గుట్ట అక్కడి ప్రసిద్ధ చోటు, రిచీ పోర్ట్ అక్కడ వరసగా ఆరేళ్లు గెలిచాడు. సీజన్ మొదట్లోనే కాబట్టి రైడర్లు తీరిగ్గా ఉంటారు, ఎంత తీరిగ్గా అంటే పొద్దున కాఫీ తాగుతూ కనిపించేంత.

కారా, రైలా, సైకిలా, టూర్ కంపెనీయా

కారుంటే ఎక్కడికైనా వెళ్లొచ్చు అనుకుంటాం. రేసు రోజున అదే గుదిబండ. రోడ్లు మూస్తారు, ఎప్పుడు తెరుస్తారో చెప్పరు. లోయ దిగువన, రేసు వెళ్లే దారికి అవతలి వైపు, బయటపడే దిక్కుకు ముఖం పెట్టి ఆపుకోండి. అద్దె సైకిల్ అన్నిటికంటే స్వేచ్ఛ. కార్లు ఆపేశాక కూడా చాలాసేపు సైకిళ్లను వదులుతారు, కొండ ఎక్కిన తృప్తీ దక్కుతుంది. ఎక్కేటప్పుడు చెమట పడుతుందని పలచటి బట్టలతో వెళ్తారు చాలామంది. పైన మూడు గంటలు కదలకుండా నిలబడితే వణుకు పుడుతుంది. వాన కోటు, ఒక స్వెటర్ వీపున ఉండాల్సిందే.

టూర్ కంపెనీల ప్యాకేజీలు ఖరీదు. గది, బస్సు, కొన్నిచోట్ల ముగింపు దగ్గర లోపలి సీటు వాళ్లు చూసుకుంటారు. పెద్దవాళ్లతో వెళ్తే డబ్బుకు తగ్గ సుఖమే. లేకపోతే నేను తీసుకోను. వాళ్ల బస్సు కూడా అదే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది. ఒకసారి అలాంటి బస్సులోనే, ముగింపుకు 4 కిలోమీటర్ల దూరంలో, స్టేజ్ ఎవరు గెలిచారో డ్రైవర్ రేడియోలో విన్నాను.

టూర్ రూటు ముందటి ఏడాది అక్టోబరులో ప్రకటిస్తారు. ఆ రోజే మ్యాప్ ముందు పెట్టుకుని రెండు మూడు స్టేజ్‌లకు అందుబాటులో ఉండే ఒక ఊరు వెతకండి. ఆల్ప్స్‌లోనైనా పిరనీస్‌లోనైనా అలాంటి ఊరు దొరుకుతుంది. గది ఖాయం చేశాకే విమానం. షెంజెన్ వీసా అవసరమైనవాళ్లు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, బెల్జియం నాలుగింటికీ అదే వీసా సరిపోతుంది. మొదటి స్టేజ్‌లు కొన్నిసార్లు వేరే దేశంలో ఉంటాయన్నది మరవకండి, 2022లో టూర్ కోపెన్‌హాగెన్‌లో, 2024లో ఫ్లోరెన్స్‌లో మొదలైంది.

రేసుకు కొద్దిరోజుల ముందు ప్రతి స్టేజ్‌కూ ఒక టైమ్ పట్టిక వస్తుంది. ఏ ఊరు ఎన్నింటికి దాటుతారో నెమ్మది, మధ్యస్థం, వేగం అని మూడు అంచనాలు ఉంటాయి. వేగం అంచనాను నమ్మి దానికి ఇంకా గంట ముందే ఉండండి. ఎదురుగాలి ఉంటే కాస్త ఎక్కువసేపు కాచుకుంటారు, వెనకగాలి ఉంటే మీరు రాకముందే వెళ్లిపోతారు.

రోడ్డు పక్కన నిలబడ్డాక వచ్చేవాళ్ల వైపే ముఖం ఉంచండి. 2021లో టూర్ మొదటి రోజున ఒక ప్రేక్షకురాలు టీవీ కెమెరాకు కనబడాలని అట్టముక్క పట్టుకుని, రేసుకు వీపు పెట్టి రోడ్డు మీదికి జరిగింది. టోనీ మార్టిన్ దానికి తగిలి పడ్డాడు, వెనక పదుల మంది కుప్పకూలారు. తర్వాత కోర్టు ఆమెకు 1,200 యూరోల జరిమానా వేసింది. సెల్ఫీ తీసుకునేవాళ్లంతా చేసేది సరిగ్గా అదే, వీపు రేసుకు, చేయి రోడ్డు మీదికి. కుక్కను తెచ్చుకుంటే పట్టీ చేతికి చుట్టుకోండి, పిల్లలను కారవాన్ విసిరిన టోపీ వెంట పరుగెత్తనివ్వకండి.

ఆఖరి రైడర్ వెనక చీపురు వ్యాన్ వస్తుంది, ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే బండి. కొంతసేపటికి ఫ్రాన్స్‌లో అయితే రేసు ముగిసిందని బోర్డు తగిలించుకున్న మరో బండి వెళ్తుంది. అది కనబడేదాకా రోడ్డు దాటకండి, కనబడ్డాక కూడా తొందరపడి కొండ దిగకండి. రోడ్డు గట్టు మీద కూర్చుని ఉన్నది తినేయండి. గంట తర్వాత కింద మలుపుల్లో కార్ల వరస కదలడం మొదలవుతుంది, అప్పుడు లేవండి.